శిల్పి సెయింట్ గాడెన్స్ - అతని బంగారు నాణెము

కాసు అనగా ఏమియో మన ఇండ్లలో చెప్పవలసిన పనిలేదు. అవ్వల మెడలలోని కాసులపేరును చూచి పెరిగినవారు మనలో ఎందరో కలరు. ఆ కాసునకు చిరకాలము ప్రమాణముగా నిలిచినది ఇంగ్లీషువారి సవరను. దాని తూకము దాదాపు 8 గ్రాములు. అట్టి సవరనులు నాలుగింటిని త్రాసులో ఒకవైపున ఉంచి, రెండవ వైపున ఒకే ఒక్క అమెరికా నాణెమును ఉంచినచో ఆ నాణెమువైపే త్రాసు క్రుంగును. అది 20 డాలర్ల నాణెము. 10 డాలర్ల బంగారు నాణెమునకు అమెరికావారు చట్టముచేతనే ఈగిల్, అనగా గ్రద్ద, అని పేరిడియుండిరి గనుక 20 డాలర్లది డబుల్ ఈగిల్ ఆయెను. దానికి తుది రూపమును తీర్చిన శిల్పి అగస్టస్ సెయింట్ గాడెన్స్. నాణెములు సేకరించు అలవాటుగల బాలుర కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును ఆ శిల్పి జీవితమును ఇచ్చట వ్రాయుచున్నాము. నాణెమును గుర్తించు విధమును, వెలకట్టు విధమును ఆ కథలోనే చెప్పెదము. మనిషిని ఎరుగక ఆ నాణెమును ఎరుగుట సగము ఎరుగుటయే యని మా అభిప్రాయము.

1848 జనవరి 24వ తేదీన కాలిఫోర్నియాలోని ఒక రంపపు మిల్లు కాలువలో బంగారు రేణువులు కనబడెను. అయిదు వారములు దాటిన రెండు దినములకు, అనగా మార్చి 1వ తేదీన, సముద్రమునకు ఆవలనున్న ఐర్లండు దేశపు డబ్లిన్ నగరములో అగస్టస్ జన్మించెను. ఈ రెండు సంగతులకును అప్పుడు సంబంధము లేదు. కాలిఫోర్నియా బంగారము వెల్లువవలె వచ్చిపడగా 1849లో అమెరికా శాసనసభ 20 డాలర్ల నాణెమునకు చట్టము చేసెను. ఆ మొదటి నాణెమును చెక్కినవాడు టంకశాల ప్రధాన చిత్రకారుడు జేమ్స్ లాంగేకర్. అది 1850 మొదలు 1907 వరకు చెలామణిలోనికి వచ్చుచుండెను.

అగస్టస్ తండ్రి బెర్నార్డు ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమువాడు. ఆస్పే అను చిన్న గ్రామము అతని జన్మస్థానము. వృత్తి పాదరక్షలు కుట్టుట. బ్రతుకుదెరువు వెదకుకొనుచు డబ్లినుకు చేరి అచ్చట మేరీ మెగిన్నెస్ అను ఐరిష్ యువతిని వివాహమాడెను. ఆ సంవత్సరములలో ఐర్లండును బంగాళాదుంప తెగులు వలన కలిగిన ఘోరక్షామము పీడించుచుండెను. బిడ్డకు ఆరునెలలు నిండునప్పటికి ఆ దంపతులు ఓడ యెక్కి అమెరికా చేరి, తుదకు న్యూయార్కులో స్థిరపడిరి. తండ్రి మాట ఫ్రెంచి, తల్లి మాట ఐరిష్ యాసగల ఇంగ్లీషు. ఇంట రెండు భాషలు వినబడుచుండగా ఆ పిల్లలు పెరిగిరి. ఇంటిభాష ఒకటి, వీధిభాష మరియొకటిగా పెరుగు మన పిల్లలకు ఇది వింతగా తోచదు. తండ్రివలన వచ్చిన ఆ ఫ్రెంచి భాషయే ముందుముందు పారిసు నగరములో ఆ బాలునకు అన్నము పెట్టినది.

13 సంవత్సరముల వయస్సున చదువు మానిపించి అతనిని లూయీ ఆవే అను కామియో పనివానికడ శిష్యునిగా చేర్చిరి. కామియో అనగా పొరలుగల రంగురాతిని చెక్కి, ఒక పొరలో ముఖమునో జంతువునో ఉబ్బుగా నిలిపి, క్రింది పొరను నేలగా విడుచు పని. బొటనవ్రేలి గోరంత స్థలములో ముక్కు, కన్ను, జుట్టు అన్నియు రావలయును. గోరులో సగము మందము లోతునందే దూరమును దగ్గరను చూపవలయును. నాణెమునకు కావలసిన విద్య సరిగా ఇదియే. గొప్ప విగ్రహములు చేసిన శిల్పులు పలువురు కలరు గాని చిన్నతనమున ఇంత చిన్న పనిలో చేయి తిరిగినవారు అరుదు.

ఆవే మంచి పనివాడేగాని మహాకోపి. ఒకనాడు పగటి భోజనపు తునకలు నేలపై పడియున్నవని మండిపడి బాలుని పనిలోనుండి వెడలగొట్టెను. తరువాత కోపము చల్లారి, పాదరక్షల దుకాణమునకు తానే వచ్చి, జీతము హెచ్చించెదను రమ్మని పిలిచెను. ఆ ఇంట ధనమునకు కొరతయే. అయినను బాలుడు పోనని చెప్పెను. తండ్రి అతనిని బలవంతము చేయలేదు. పిమ్మట జూల్స్ లె బ్రెథాన్ అను మరియొక పనివాడు అతనిని చేర్చుకొని, మట్టితో బొమ్మలు చేసికొనుటకు కొంత తీరికయు నిచ్చెను. పగలు రాయి, రాత్రి రేఖ. రాత్రివేళల కూపర్ యూనియన్ అను ఉచిత విద్యాలయమునందును, తరువాత జాతీయ చిత్రకళా సంస్థయందును అతడు చిత్రలేఖనము నేర్చెను.

అవి అమెరికా అంతర్యుద్ధపు దినములు. వీధిలో పటాలములు నడచుట అతడు చూచెను. 1865లో లింకన్ హత్య జరిగినపుడు ఆ భౌతికకాయమును న్యూయార్కులో ప్రజల దర్శనార్థము ఉంచిరి. ఈ కుఱ్ఱవాడు పొడవైన వరుసలో నిలిచి చూచి వచ్చి, తృప్తి తీరక మరల వరుస చివరకు పోయి నిలిచి రెండవమారు చూచెను. 22 సంవత్సరముల తరువాత షికాగోలో నిలిపిన లింకన్ విగ్రహము ఈ చేతులదే.

1867లో పారిసు చేరి, మరుసటి యేడు అచ్చటి ప్రసిద్ధ కళాశాలయైన ఎకోల్ దె బోజార్‌లో ప్రవేశించెను. 1870లో ఫ్రాన్సునకు ప్రష్యాకు యుద్ధము రాగా రోము నగరమునకు పోయెను. ఆ సంవత్సరములన్నిటను అతని కడుపు నింపినది పాత కామియో పనియే. రోములో చిత్రకళ అభ్యసించుచున్న అగస్టా హోమర్ అను అమెరికా యువతి పరిచయమయ్యెను. ఆమెకు వినికిడి తక్కువ. చేతిలో ఒక గొప్ప పని దొరికిన తరువాత, 1877లో, వారి వివాహము జరిగెను. ఆ పని నావికాదళపతి ఫారగట్ విగ్రహము. 1881లో న్యూయార్కు మాడిసన్ స్క్వేరులో అది ఆవిష్కరింపబడినప్పటినుండి అతనికి పని కొరత లేకపోయెను.

అతని పనులలో మాకు మిన్నగా తోచునది బోస్టను నగరములోని షా స్మారకము. రాబర్ట్ గూల్డ్ షా తెల్లజాతి సేనాని. అతని క్రింది సైనికులు నల్లజాతివారు. 1863లో వాగ్నర్ కోటపై దాడిలో షా తన సైనికులలో పలువురితోపాటు మరణించెను. 1884లో పని ఒప్పుకొనినపుడు శిల్పి తలచినది గుఱ్ఱముపై ఒక్క సేనాని విగ్రహము మాత్రమే. షా కుటుంబమువారు అందులకు సమ్మతింపలేదు. అంత చిన్న వయస్సువానిని మహాసేనానివలె ఒంటరిగా గుఱ్ఱమెక్కించుట తగదనిరి. అపుడు శిల్పి సైనికులను కూడ నడిపించెను: గుఱ్ఱము ప్రక్కన తుపాకులు భుజములపై పెట్టుకొని కదలిపోవు వరుసలు. నల్లజాతి పురుషులను ఎదుట కూర్చుండబెట్టుకొని దాదాపు 40 తలలను మట్టిలో చేసెను. ఆ కాలపు చిత్రములలో ఆ జాతివారిని అందరిని ఒక్క ముఖముతో, అదియు నవ్వుపుట్టించు ముఖముతో, చూపుట అలవాటు. ఇచ్చట గడ్డమువాడు వేరు, పసివాడు వేరు, బడలినవాడు వేరు. పని ముగియుటకు 13 సంవత్సరములు పట్టెను. ఇచ్చువారి ఓర్పు నశించెను. 1897 మే 31వ తేదీన ఆవిష్కరణ జరిగినపుడు ఆ పటాలములో బ్రతికియున్న వృద్ధసైనికులు ఆ శిల్పము ముందు నడచిపోయిరి.

న్యూయార్కులో 1903లో నిలిపిన సేనాని షెర్మన్ విగ్రహము గుఱ్ఱమునకు ముందు రెక్కలుగల విజయదేవత నడచుచుండును. దానికి నమూనాగా నిలిచిన స్త్రీ దక్షిణ కెరొలినాలో పుట్టిన హెట్టీ ఆండర్సన్, ఆఫ్రికా సంతతికి చెందినది. ఈ పేరును గుర్తుంచుకొనవలయును. నాణెముపైని స్వేచ్ఛాదేవత ఈ విజయదేవతకు చెల్లెలే.

ఈ కథలో ప్రతినాయకుని వంటివాడు ఒకడు కలడు. ఫిలడెల్ఫియా టంకశాల ప్రధాన చిత్రకారుడైన చార్లెస్ బార్బర్. షికాగో ప్రపంచ ప్రదర్శనము కొరకు సెయింట్ గాడెన్స్ ఒక పతకమును తీర్చగా, దాని వెనుకవైపున వస్త్రములేని బాలుని బొమ్మ కలదని ప్రభుత్వము తిరస్కరించి, ఆ వైపును బార్బరుచేత చేయించెను. ముందువైపు ఒకరిది, వెనుకవైపు ఒకరిది. ఆ అవమానముతో టంకశాల పేరు చెప్పినంతనే శిల్పికి ఒళ్లు మండుచుండెను. బార్బరును మాత్రము కేవలము అసూయాపరునిగా చూపువారితో మేము ఏకీభవింపము. లక్షలకొలది నాణెములను యంత్రముపై ఒక్కొక్క దెబ్బతో ముద్రించి ఇచ్చుట అతని బాధ్యత; అందమైన బొమ్మ యంత్రమునకు లొంగకున్నచో నింద పడునది అతనిమీదనే.

1900లో, పారిసు ప్రదర్శనములో ప్రథమ బహుమానము వచ్చిన సంవత్సరముననే, శిల్పికి కాన్సరు వ్యాధి యున్నట్లు తెలిసెను. శస్త్రచికిత్స చేయించుకొని, న్యూహాంప్‌షైరులోని కార్నిష్ అను పల్లెయందు తనకున్న ఇంటికి శాశ్వతముగా చేరెను. ఆ ఇంటికి అతడు పెట్టిన పేరు ఆస్పే, తండ్రి పుట్టిన ఊరి పేరు. 1904లో అచ్చటి కార్యశాల దగ్ధమై ఎన్నో నమూనాలు, చిత్రములు, ఉత్తరములు బూడిదయ్యెను.

ఇట్టి స్థితిలో దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు అతనికి కబురుచేసెను. దేశపు నాణెములు చూడ వికారముగా నున్నవని రూజ్వెల్టునకు గట్టి నమ్మకము. 1905 జనవరిలో ఒక విందులో ఇరువురు కలిసి ప్రాచీన గ్రీకు నాణెములను గూర్చి మాటలాడుకొనిరి. అలెగ్జాండరు కాలపు నాణెములలో బొమ్మ నేలనుండి ఎత్తుగా లేచియుండును. వెలుగు ఒకవైపున పడినచో నీడ రెండవవైపున పడును. అట్టి ఎత్తు మన కాలపు నాణెమునకు తేలేమాయని ప్రశ్న. వ్యాధితో కృశించుచున్న శిల్పి, టంకశాలపై కోపమున్నను, ఒప్పుకొనెను.

చేతులు వణకుచుండుటచే నమూనాలను హెన్రీ హెరింగ్ అను శిష్యునిచేత చేయించుచు తాను దిద్దుచుండెను. నిండుగా నడచివచ్చు స్వేచ్ఛాదేవత. కుడిచేత దివిటీ, ఎడమచేత ఆలివ్ కొమ్మ, పాదములకడ చిన్నదిగా శాసనసభా భవనము. వెనుకవైపున ఉదయించు సూర్యునిపై ఎగురు గ్రద్ద. 1907 తొలినెలలలో ఫిలడెల్ఫియాలో ముద్రణను పరీక్షించిరి. పతకములు కొట్టు జలయంత్రముపై తొమ్మిది దెబ్బల వరకు కొట్టినగాని బొమ్మ పూర్తిగా లేవలేదు. దెబ్బకు దెబ్బకు నడుమ నాణెమును కాల్చి మెత్తబరచవలసి వచ్చుచుండెను. కళాఖండము దొరికినది గాని డబ్బు కాలేదు. ఎత్తు తగ్గించిన రెండవ నమూనా చేసిరి. దానికిని మూడు దెబ్బలు కావలసియుండెను. బార్బరు ఒప్పుకొనడు, రూజ్వెల్టు విడువడు, కార్నిషులో శిల్పి పడకనుండి లేవలేడు. 1907 ఆగస్టు 3వ తేదీన, 59వ యేట, అతడు కన్నుమూసెను. చెలామణికి వచ్చిన తన నాణెమును అతడు చూడనేలేదు.

అధ్యక్షుని పట్టుదలపై ఆ యేడు చివర 12,367 నాణెములను ఎత్తైన బొమ్మతోనే ముద్రించి విడుదల చేసిరి. వానిపై సంవత్సరము రోమను అంకెలలో నుండును. బ్యాంకులవారు మాత్రము మొఱపెట్టిరి. బొమ్మ అంచును మించి లేచుటచే నాణెములు దొంతిగా నిలువవనిరి. ప్రజలు వానిని ఖర్చుచేయక దాచుకొనిరి. అంతట బార్బరు బొమ్మను అణచి, ఒక్క దెబ్బతో ముద్రింపదగినదిగా చేసి, సంవత్సరమును సాధారణమైన అంకెలలో వేసెను. ఆ సంవత్సరమే అట్టివి 361,667 వెలువడెను. 1933 వరకు చేతులు మారినది ఈ అణచిన రూపమే. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచినచో శిల్పి బాధ ఏమియో మాటలు లేకయే తెలియును.

ఇక నాణెము చేత చిక్కినపుడు చూడవలసినది చెప్పెదము. మొదట తూకము: 33.436 గ్రాములు. అడ్డుకొలత 34 మిల్లీమీటర్లు. పదింట తొమ్మిది పాళ్లు బంగారము, ఒక పాలు రాగి, అనగా 21.6 కారట్లు. 10 డాలర్లది 16.718, 5 డాలర్లది 8.359, రెండున్నర డాలర్లది 4.18 గ్రాములు. తూకము సరిపోయినంత మాత్రమున నమ్మరాదు. ఆర్కిమిడీసు సూత్రము చదివిన విద్యార్థి ఇంటనే ఒక పరీక్ష చేయవచ్చును. సన్నని దారముతో నాణెమును నీటిలో వ్రేలాడదీసి తూచినచో దాదాపు 1.94 గ్రాములు తగ్గవలయును. ఇత్తడికి పూతపూసిన నకిలీ అయినచో తగ్గుదల దీనికి ఇంచుమించు రెట్టింపగును. కంసాలి గీటురాయి పరీక్ష నమ్మదగినదే గాని అది నాణెమును గీచును. పాత నాణెమునకు గీత మచ్చయే.

పిదప బొమ్మ. స్త్రీ ముఖము మాత్రమే ఉండి నుదుట పట్టము కలదేని అది లాంగేకర్ నాణెము, 1907 లేక అంతకు ముందరిది. నిలువెత్తు స్త్రీ యైనచో సెయింట్ గాడెన్స్‌ది. 1907 నాటికి ఆమె చుట్టు 46 చుక్కలు, రాష్ట్రమునకు ఒకటి చొప్పున; 1912లో న్యూమెక్సికో, అరిజోనాలు చేరగా 48 ఆయెను. దైవమునందు విశ్వాసమును తెలుపు వాక్యము మొదట లేదు. చేతులు మారు డబ్బుపై దేవుని పేరు వేయుట అపచారమని రూజ్వెల్టు తలంపు. శాసనసభ ఒప్పుకొనక 1908లో దానిని మరల చేర్పించెను. కావున 1908వ సంవత్సరపు నాణెములలో వాక్యము లేనివియు ఉన్నవియు రెండును కలవు. ఈ వాక్యము సూర్యునిపై నుండును. అంచుచుట్టు తడవి చూచినచో అక్షరములు, చుక్కలు తగులును. సంవత్సరమునకు పైన చిన్న అక్షరము డి యున్నచో డెన్వర్, ఎస్ యున్నచో శాన్‌ఫ్రాన్సిస్కో, ఏదియు లేనిచో ఫిలడెల్ఫియా. నకిలీలు చేయువారును చేయి తిరిగినవారే. 1970వ దశకములో బయటపడిన ఒక దొంగ ముద్రాపకుడు, రోమను అంకెల నాణెమును అతి నేర్పుగా చేసి, గ్రద్ద గోళ్లనడుమ గ్రీకు ఓమెగా అక్షరమును సూక్ష్మముగా చెక్కి తన గుర్తుగా విడిచెను. తన పనితనమును ఎవరును గుర్తింపరేమో యని దొంగకును దిగులు కాబోలు!

వెల కట్టుటకు మొదటి మెట్టు బంగారము వెల. 33.436లో పదింట తొమ్మిది పాళ్లనగా 30.09 గ్రాముల మేలిమి బంగారము. పాత తులములలో రెండున్నరకు కొంచెము పైన. దానిని ఆనాటి గ్రాము ధరతో హెచ్చవేసినచో వచ్చినది కనీసపు వెల. అంతకు తక్కువకు ఇచ్చువాడు మోసపోయినట్లే. ఆపైన వచ్చునది అరుదుదనమును బట్టియు, అరుగుదలను బట్టియు. స్వేచ్ఛాదేవత మోకాలును వక్షమును, గ్రద్ద రెక్కయు మొదట అరుగును. అరుగుదలను 1 మొదలు 70 వరకు అంకెలతో కొలుచు పద్ధతి కలదు. తళతళలాడవలెనని చింతపండుతోనో బూడిదతోనో తోమినచో ఆ పైవెల చాలవరకు పోవును. ఇది తల్లులు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి. పాతదైనంతనే వెల హెచ్చునను తలంపు కూడ తప్పు. 1924లో ఫిలడెల్ఫియా ముద్రించినవి 43 లక్షలకు పైగా గనుక అవి ఇప్పటికిని సులభముగా దొరకును. 1927లో డెన్వరు ముద్రించినవి 180,000 అయినను మిగిలినవి ఇరువదికి మించవు. 1870లో కార్సన్ సిటీలో ముద్రించిన లాంగేకర్ నాణెములు 3,789 మాత్రమే.

అన్ని ముద్రించి ఇన్నియే మిగులుటకు కారణము కరగించుట. 1933లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు, మన శిల్పిని పిలిచిన రూజ్వెల్టుకు దూరపు బంధువు, ప్రజలు తమవద్దనున్న బంగారు నాణెములను ప్రభుత్వమునకు అప్పగింపవలెనని ఆజ్ఞాపించెను. అరుదైన నాణెములకు మినహాయింపు ఇచ్చిరి. ఆ యేటి తేదీతో ముద్రించిన 445,500 డబుల్ ఈగిల్ నాణెములు చెలామణికి రానేలేదు. 1937లో వానిని కరగించిరి. రెండింటిని మాత్రము ప్రదర్శనశాలకు పంపిరి. అయినను కొన్ని టంకశాలనుండి జారిపోయెను. వానిలో ఒకటి 1944లో ఈజిప్టు రాజు ఫరూక్‌కు చేరెను. అతని రాజ్యము పోయిన తరువాత కనుమరుగై, 1996లో న్యూయార్కులో పట్టుబడి, న్యాయస్థానపు వివాదము రాజీపడగా 2002లో 75 లక్షల 90 వేల డాలర్లకు వేలములో అమ్ముడుపోయెను. 2021లో అదే నాణెము 188 లక్షల డాలర్లకు పైగా పలికెను. 20 డాలర్ల నాణెము! మరి పది నాణెములు ఒక కుటుంబమువద్ద కనబడగా ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను; అవి దొంగిలింపబడిన ప్రభుత్వపు సొత్తే యను తీర్పు 2017లో స్థిరపడెను.

శిల్పి మరణానంతరము అగస్టా ఆస్పే గృహమును, అందలి నమూనాలను చెదరనీయక కాపాడెను. 1960వ దశకములో అది జాతీయ ఉద్యానవన శాఖ అధీనమునకు వచ్చి, ప్రజలు చూడదగిన స్థలమైనది.

1986లో అమెరికా ప్రభుత్వము మదుపు పెట్టువారి కొరకు బంగారు నాణెములను మరల ముద్రింప పూనుకొనినపుడు ముందువైపునకు కొత్త బొమ్మను వెదకలేదు. దివిటీ పట్టిన ఆ స్త్రీనే తెచ్చి నిలిపిరి. మొదటి ఆరు సంవత్సరములు, 1991 వరకు, ఆ నాణెములపై సంవత్సరమును రోమను అంకెలలోనే వేసిరి. తరువాత చదువుటకు కష్టమని కాబోలు, సాధారణమైన అంకెలు వచ్చెను.